పరుగెత్తు దీపములు

ఆషాఢమాసమున గోలకొండ కోటలో తొలి బోనము సమర్పింపబడును. పిమ్మట సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి జాతర. ఆ తరువాత హైదరాబాదు పాతనగరము వంతు. లాల్ దర్వాజ సింహవాహినీ మహంకాళి యాలయమునకు బోవు వీధులలో ఆ ఆదివారపు రాత్రి దీపములు ఒకచోట నిలిచి యుండవు. ఒక యింటి చూరునుండి మరియొక యింటి చూరునకు పరుగెత్తుచుండును. కమాను నెక్కి దిగుచుండును. పద్మమువలె విచ్చుకొని మరల ముడుచుకొనుచుండును. రంజాను రాత్రులందు లాడ్ బజారు గాజుల దుకాణములమీదను, మీలాదునబీ నాడు చార్మినారు చుట్టుపట్ల వీధులయందును, వినాయకచవితి పందిళ్ళయందును ఇదే పరుగు. చంకలోని బిడ్డ వ్రేలు చూపి, "ఆ దీపము ఎక్కడికి పోవుచున్నది?" అని యడుగును. మనము "అది కరెంటమ్మా" అని చెప్పి ముందునకు నడతుము.

మాకును మొన్నటివరకు అంతకు మించిన సమాధానము తెలియదు. తెలిసికొనవలెనను కోరికయు లేకుండెను. 2025వ సంవత్సరపు ఆషాఢమున శాలిబండ చేరువనున్న మా చెల్లెలి యింట ఇరువది దినములు ఉండవలసి వచ్చెను. ఆమె కుమార్తె అప్పుడు చేపట్టిన పనికి చేదోడుగా కూర్చుండి, ఈ పరుగెత్తు దీపముల మర్మమును కొంత నేర్చుకొంటిమి. సోదరీమణులలో ఎవరికైనను పనికివచ్చునని ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఆ యింటివారి భయమును చెప్పవలెను. అంతకు ముందటి యేడు బోనాలకు బజారునుండి ఒక దీపములదండను తెచ్చి వీధితలుపు ఇనుప కటకటమునకు చుట్టిరి. రాత్రి జల్లు పడెను. తెల్లవారుజామున మా చెల్లెలి యత్తగారు ముగ్గు వేయుటకై కటకటమును పట్టుకొనగా కరెంటు చేతిని కొట్టి ఆమె వెనుకకు పడెను. దైవానుగ్రహమున మోచేతి గాయముతోనే ఆపద గడచినది. దండలో ఒకచోట తీగపైని తొడుగు చిట్లియుండెనని తరువాత కనుగొనిరి. ఆ భయము మానకమునుపే 2025 మే నెల 18వ తేదీని గుల్జార్ హౌజ్ యొద్ద ఒక పాత గృహమున అగ్నిప్రమాదము జరిగెను. పదునేడుగురు మరణించిరి, వారిలో ఎనమండుగురు పిల్లలు. విద్యుత్తీగలలోని దోషమే కారణమై యుండునని అధికారులు తొలుత చెప్పిరి. ఆ చోటు మా చెల్లెలి యింటికి నడచి పోదగినంత దూరము. మా చెల్లెలి యిల్లును పాతదే. గోడలలోని తీగలు ఎప్పటివో ఎవరికిని తెలియదు. కావున ఆ యేడు గడపకు నూనెదీపములే యనియు, కరెంటు దండ మాట ఎవరును ఎత్తరాదనియు పెద్దావిడ శాసించెను. ఆ మాటను కాదనుటకు ఎవరికిని నోరు రాలేదు.

అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరము చదువుచున్నది. ఆమె కాదనలేదు గాని వేరొక మాట చెప్పెను: గోడలోని కరెంటును ముట్టకయే, చిన్న 9 వోల్టుల బ్యాటరీతో పరుగెత్తు దీపములను తానే చేయుదునని. తండ్రి, "అన్నయ్య సెలవులకు వచ్చినప్పుడు చూతములే" అనెను. "అన్నయ్యకు ఇందులో ఒక్క ముక్కయు తెలియదు నాన్నా" అని ఆమె యనెను, అది నిజమే. పెద్దావిడ మాత్రము, "పిల్లా, అది కొట్టదా?" అని యడిగినది. అమ్మాయి బ్యాటరీ తలమీది రెండు కొనలను తన యరచేతికి ఒత్తి చూపెను. పెద్దావిడ కొంతసేపు ఆలోచించి, తానును చేయి చాచి ఒత్తించుకొనెను. పొడిచర్మము 9 వోల్టులను ఎరుగనైన ఎరుగదు. "సరే చేయుము. గోడలోని ప్లగ్గు జోలికి పోయితివా, పెరట్లో పారవేయుదును" అనుటతో అనుమతి లభించెను.

ఇక దీపము సంగతి. మన యిండ్లలో బల్బులుగా వెలుగుచున్న ఎల్.ఇ.డి.ల లోపల నున్నది నువ్వుగింజకంటెను చిన్నదగు ఒక పలుకు. విద్యుత్తు దానిలో ఒక దిక్కుననే పారును. పారునప్పుడు వెలుగు పుట్టును. 1907లో హెన్రీ రౌండు అను ఆంగ్లేయుడు కార్బొరండము ముక్కకు విద్యుత్తు తగిలించి అందు పసుపువన్నె వెలుగును గమనించెను. కంటికి పనికివచ్చు ఎఱ్ఱని దీపమును 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేసెను. నీలము మాత్రము చిక్కలేదు. 1990 ప్రాంతమున జపానీయులు అకసాకి, అమానో, నకమురా దానిని సాధించినందుననే నేడు తెల్లని ఎల్.ఇ.డి. దీపము సాధ్యమైనది, అందుకు 2014లో వారికి నోబెల్ బహుమతి వచ్చెను. ఒక్కొక్క చిన్న దీపమునకు రెండు కాళ్ళుండును. పొడుగుకాలు ధనము వైపు, పొట్టికాలు ఋణము వైపు. తారుమారైన వెలుగదు. కాళ్ళు కత్తిరించిన పిమ్మట గుర్తింపవలెనన్న, దీపపు అంచున చదునుగా నున్న వైపే ఋణము.

ఆ దీపము పరుగెత్తునా? పరుగెత్తదు. వరుసగా పది దీపములు తమ తమ చోటులనే యుండును. మొదటిది ఆరిన క్షణముననే రెండవది వెలుగును, అది ఆరగానే మూడవది. నడచుచున్నట్లు భావించునది మన కన్నును మనస్సును. 1912లో మాక్స్ వెర్తైమర్ అను జర్మను దేశపు పండితుడు ఈ భ్రమనుగూర్చియే ఒక పెద్ద వ్యాసము ప్రకటించెను. సినిమాతెరపై కథానాయిక నడచునదియు ఇట్టి భ్రమచేతనే. పిల్లలు దీపము ఎక్కడికి పోవుచున్నదని యడిగిన, ఎక్కడికిని పోవుట లేదని చెప్పవలెను. అంతకంటె సంతోషకరమగు సమాధానము లేదని మాకు తోచుచున్నది, ఏలయన, అప్పుడు వారు తప్పక "మరి?" అని యడుగుదురు.

వెనుకటి రోజులలో ఉత్సవములకు దీపములు కట్టువారు ఈ పనికి ఒక కొయ్యదిమ్మెను వాడిరి. దిమ్మెకు రాగిరేకులను బిగించి, మోటారుతో తిరుగలివలె త్రిప్పుదురు. తిరుగుచు ఏ రేకు ఏ తీగను ఒరసికొనునో ఆ తీగకు చేరిన దీపములు వెలుగును. బంగాళమునందలి చందన్‌నగరు జగద్ధాత్రీ పూజకు చేయు దీపాలంకరణమునకు దేశమెల్ల పేరొందినది. ఆ యూరి శ్రీధర్ దాసుగారు ఈ విద్యలో ప్రసిద్ధులు. దిమ్మెపై రేకుల నమరించిన తీరే దీపముల చిత్రము. రేకును మార్చిన చిత్రము మారును. మన అమ్మాయి చేసినదియు అదియే గాని, ఆమె దిమ్మె చింతగింజయంత యుండెను.

నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ మీదుగా కోఠీకి పోయితిమి. అచ్చటి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామానుల దుకాణములు ఒకదానినొకటి ఒరసికొని యుండును. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున ఇ.సి.ఐ.ఎల్. సంస్థ నెలకొల్పబడిన యూరు గదా, ఈ సరకు ఇచ్చటివారికి క్రొత్త గాదు. దుకాణదారు మా వంక చూచి, "ఏమి కావలెనమ్మా? బాబు ప్రాజెక్టుకా?" అనెను. అమ్మాయి కాగితము చూడకయే చెప్పుకొనిపోయెను: 555 టైమరు ఒకటి, సి.డి. 4017 కౌంటరు ఒకటి, ఎఱ్ఱ ఎల్.ఇ.డి.లు పన్నెండు, 1 కిలో ఓము రెసిస్టరులు పన్నెండు, 10 కిలో ఓములవి రెండు, 100 కిలో ఓముల మీట ఒకటి, 4.7 మైక్రోఫారడు కెపాసిటరు ఒకటి, 0.01, 0.1 మైక్రోఫారడులవి ఒక్కొక్కటి, చిల్లులపలక, బ్యాటరీ తగిలించు కొక్కెము. ఆయన మరి మాటలాడక డ్రాయరులు తెరచెను. ఆ రెండు చిప్పులకును కలిపి మేమిచ్చిన వెల ఒక సినిమా టిక్కెట్టుకంటె చాల తక్కువ. చిల్లులపలకను బ్రెడ్‌బోర్డు అందురు. దానిపై తీగలను గ్రుచ్చి పీకవచ్చును, అతుకు అక్కరలేదు. ప్రారంభించువారు దీనిని తప్పక కొనవలెను.

ఇక లోపలి పని. ఇందు రెండే పాత్రలు: తాళము వేయునది 555, వంతు త్రిప్పునది 4017.

బిందెలోనికి కుళాయి సన్నగా పారుచున్నదనుకొనుడు. బిందె మూడింట రెండు వంతులు నిండగానే ఒకరు అడుగున బిరడా తీయుదురు. నీరు మూడింట ఒక వంతునకు దిగగానే మరల బిరడా బిగింతురు. మరల నిండును, మరల తీయుదురు. ఇట్లు తెల్లవార్లును. 555 చేయునది ఇంతే. బిందె మన కెపాసిటరు. నీరు విద్యుత్తు. 9 వోల్టుల బ్యాటరీకి పై గుర్తు 6 వోల్టులు, క్రింది గుర్తు 3 వోల్టులు. బిరడా బిగించిన ప్రతిసారి చిప్పు 3వ కాలిపై ఒక చప్పట్లు మ్రోగించినట్లగును. స్విట్జర్లండువాడైన హాన్స్ కామెన్‌జిండ్ అమెరికాలోని సిగ్నెటిక్సు కంపెనీకై 1971లో దీనిని రూపొందించెను; 1972లో బజారునకు వచ్చెను. లోపల అయిదువేల ఓముల రెసిస్టరులు మూడుండుటచే 555 అని పేరు వచ్చెనని పలువురు చెప్పుదురు గాని, రూపొందించినవాడే ఆ మాటను కాదనెను.

చప్పట్లు ఎంత వడిగా మ్రోగవలెనన్నది మన చేతిలోనిది. బిందెను నింపునప్పుడు విద్యుత్తు రెండు రెసిస్టరుల గుండ వచ్చును. ఖాళీ యగునప్పుడు రెండవదాని గుండనే పోవును. అందుచేత లెక్కలో రెండవది రెండు మారులు వచ్చును. మొదటి రెసిస్టరునకు రెండవదాని రెట్టింపును కలిపి, దానిని కెపాసిటరు విలువచే గుణించి, ఆ లబ్ధముచే 1.44ను భాగించిన, సెకనునకు ఎన్ని చప్పట్లో తెలియును. అమ్మాయి కేలండరు వెనుకవైపున వేసిన లెక్క యిది: మొదటిది 10,000 ఓములు; రెండవది మీట పూర్తిగా తగ్గించినప్పుడు 10,000 ఓములు; మొత్తము 30,000. దానిని 4.7 మైక్రోఫారడులచే గుణింప 0.141. కావున సెకనునకు పది చప్పట్లు. మీటను పూర్తిగా పెంచిన రెండవది 1,10,000 ఓములగును, మొత్తము 2,30,000. అప్పుడు సెకనునకు ఒకటింబావు పైచిలుకు. అనగా పది దీపముల చుట్టు ఒక సెకనులో ముగియవచ్చును, ఏడున్నర సెకనులు పట్టవచ్చును. చారులో ఉప్పువలె దీనిని రుచి చూచియే నిర్ణయింపవలెను.

రెండవది 4017. బాలికలు పదిమంది వలయముగ నిలిచి ఒక గాజును చేతినుండి చేతికి అందించుకొను ఆట తలచుకొనుడు. చప్పట్లు మ్రోగినప్పుడెల్ల గాజు ప్రక్క చేతికి పోవును. గాజు ఒక్కటే గనుక ఎప్పుడును ఒక్క చేతిలోనే యుండును. పదవ బాలిక తరువాత మరల మొదటి బాలిక. ఈ చిప్పునకు పదునారు కాళ్ళు. వానిలో పది ఈ బాలికలవి. ఏ కాలి వంతు వచ్చునో ఆ కాలిపై మాత్రమే విద్యుత్తు నిలుచును, దానికి తగిలించిన దీపము వెలుగును.

తీగలు కలుపుట యిట్లు. చిప్పుపై నొక్కు ఎడమచేతి వైపున నుండునట్లు పెట్టుకొనిన, క్రింది వరుసలో ఎడమకొననున్నది 1వ కాలు. అచ్చటినుండి క్రింద కుడికి, మరల పై వరుసలో కుడినుండి యెడమకు లెక్కింపవలెను. 555లో 1వది బ్యాటరీ ఋణమునకు. 4, 8 ధనమునకు. ధనమునకును 7వదానికిని నడుమ మొదటి 10 కిలో ఓములు. 7వదానికిని 6వదానికిని నడుమ రెండవ 10 కిలో ఓములు, దాని వెంట మీట. 2, 6 కలిపి, వానినుండి కెపాసిటరు ఋణమునకు. కెపాసిటరు ఋణపు గీత ఋణము వైపే యుండవలెను. 5వదానినుండి 0.01 మైక్రోఫారడు ఋణమునకు. 3వది 4017 యొక్క 14వ కాలికి. 4017లో 16 ధనమునకు, 8, 13, 15 మూడును ఋణమునకు, 12ను వదలివేయవలెను. బ్యాటరీ ధన ఋణముల నడుమ, చిప్పులకు దగ్గరగా, 0.1 మైక్రోఫారడు.

ఇంతవరకు పుస్తకమున జూచి ఎవరైనను చేయుదురు. మా కష్టములు ఇచ్చటనుండి ప్రారంభమైనవి.

మొదటిరాత్రి దీపములను చిప్పు కాళ్ళ వరుసనే తగిలించితిమి: 1వ కాలికి మొదటి దీపము, 2వ కాలికి రెండవది, ఇట్లు. బ్యాటరీ పెట్టగానే వెలుగు పరుగెత్తలేదు, మిడుతవలె ఎగిరెను. మూడవ దీపము, రెండవది, నాలుగవది, ఏడవది, తొమ్మిదవది, అటుపిమ్మట మొదటిది! అమ్మాయి మొగము వాడిపోయినది. తలుపుసందున తొంగిచూచిన తండ్రి ఏమియు ననక వెడలిపోయెను. అది నవ్విన దానికంటె ఎక్కువ నొప్పించినదని మేము గ్రహించితిమి. మరునాడు ఆమె చిప్పు కాగితమును తెప్పించి చూడగా తెలిసినదేమనగా, ఆ బాలికలు కాళ్ళ సంఖ్యల క్రమమున నిలువరు. వారి వరుస 3, 2, 4, 7, 10, 1, 5, 6, 9, 11. తయారుచేసినవారికి లోపల ఏది సుకరమో అట్లు బయటికి తీసిరి, అంతే. ఈ పది సంఖ్యలను ఒక చీటిపై వ్రాసి యెదుట అంటించుకొనుడు. దీపములను ఈ వరుసను తగిలింపగానే వెలుగు ఎడమనుండి కుడికి చక్కగా సాగిపోయెను.

రెండవది విచిత్రముగ నుండెను. ఎవరైనను పలకదగ్గర చేయి పెట్టిన వెలుగు హఠాత్తుగా మొదటి దీపమునకు తిరిగిపోవుచుండెను. పెద్దావిడ దృష్టి తగిలినదనెను. 15వ కాలికి పోవలసిన తీగ చిల్లులో సరిగా దిగలేదు. ఆ కాలు "మొదటికి పొమ్ము" అను ఆజ్ఞను వినునది; ఋణమునకు కట్టక గాలిలో వదలిన, చేతి స్పర్శనే ఆజ్ఞగా వినును. ఇట్టి చిప్పులలో వినెడు కాలును ఏదో యొక దానికి కట్టియే తీరవలెను.

రెసిస్టరుల విషయమున ఒక హెచ్చరిక. ఎల్.ఇ.డి.కి అడ్డులేక బ్యాటరీ తగిలించిన మాడిపోవును. ఎఱ్ఱ దీపము రమారమి 2 వోల్టులు తీసికొనును. మిగిలిన 7 వోల్టులను 1 కిలో ఓము రెసిస్టరు తాను భరించి 7 మిల్లీయాంపియరులకు మించనీయదు. ఒక్కమారు ఒక్క దీపమే వెలుగును గదా, పదింటికిని ఉమ్మడిగా ఒక్క రెసిస్టరు చాలదా యని తోచును. పలువురు అట్లే చేయుదురు, వెలుగును గూడ. కాని అప్పుడు వెలుగుచున్నదాని వలన ఆరియున్న తొమ్మిదింటిపై ఎదురుదిక్కున దాదాపు 7 వోల్టుల ఒత్తిడి పడును. సాధారణముగ ఎల్.ఇ.డి. తయారించువారు ఎదురుదిక్కున 5 వోల్టులకు మించి యొప్పుకొనరు. కావున దీపమునకొక రెసిస్టరు పెట్టుటయే మేలు. పదింటి వెల లెక్కకు రాదు.

శుక్రవారము సాయంకాలము అమ్మాయి పది దీపములను వరుసగా ఒక కొయ్యబద్దపై నిలిపి, వేపమండల నడుమ దాచి, తలుపుపై కట్టి చూపెను. అందరికిని నచ్చినది. పెద్దావిడ కొంతసేపు చూచి, "వెలుగు ఇంటినుండి బయటికే పోవుచున్నదే! లోనికి రాదా?" అనెను. తలుపు వీధిమూలకు దగ్గరగా నున్నది. ఎడమ యిల్లు, కుడి వీధి. మాకు నవ్వు వచ్చెను గాని అమ్మాయి నవ్వలేదు. "రప్పించెదను నానమ్మా" అని మరల కేలండరు తీసెను.

శనివారము ప్రొద్దున మరల కోఠీకి పోయి డయోడులను తెచ్చితిమి. 1 ఎన్ 4148 అనునవి, బియ్యపుగింజ యంతటివి. డయోడు ఒకే దిక్కున త్రోవ యిచ్చు తలుపు. పది వంతులను ఆరు దీపములకు పంచవలెను. మొదటి వంతు మొదటి దీపమునకు. రెండవ వంతును పదవ వంతును రెండవ దీపమునకు. మూడు, తొమ్మిది మూడవదానికి. నాలుగు, ఎనిమిది నాలుగవదానికి. ఐదు, ఏడు ఐదవదానికి. ఆరవ వంతు ఆరవ దీపమునకు. అప్పుడు వెలుగు ఆరవదానివరకు పోయి, అదే త్రోవను వెనుకకు వచ్చి, మరల బయలుదేరును. రెండు వంతులు కలియు నాలుగు దీపములకు వంతునకొక డయోడు చొప్పున ఎనిమిది డయోడులు కావలెను. అవి లేక రెండు కాళ్ళను నేరుగా ముడివేసిన, ఒకదాని విద్యుత్తు రెండవదానిలోనికి దిగి చిప్పునకు హాని కలుగును. డయోడుపై నల్లని పట్టీ దీపము వైపున నుండవలెను.

అతుకు పని ఆ మధ్యాహ్నము మేడమీద జరిగెను. వంటింటిలో ఈ పని కూడదు. పాతరకపు సాల్డరు తీగలో సీసముండును. పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొననిదే అన్నము ముట్టరాదు. పొగ పీల్చరాదు, కిటికీ తెరచి యుంచవలెను. వేడికఱ్ఱ కొన మూడువందల డిగ్రీలు దాటియుండును గనుక చిన్నపిల్లలను దరికి రానీయరాదు. కఱ్ఱను అతుకవలసిన చోట రెండు మూడు సెకనులు ఆనించి, పిమ్మట తీగను ఆ చోటునకు తాకింపవలెను, కఱ్ఱకు గాదు. అతుకు మెరయుచు కొండవలె నిలిచిన మంచిది. ముత్యమువలె గుండ్రముగ నిలిచిన అది పట్టుకొనలేదన్నమాట. మేము వేసిన వానిలో మూడు ముత్యములు తేలినవి. అమ్మాయి వానిని తీసి తిరిగి వేసెను. వేడికఱ్ఱకు గోడ ప్లగ్గు కావలెను గదా యని సోదరీమణులు అడుగవచ్చును. కావలెను. ఈ యొక్క విషయమున పెద్దావిడ అనుమతిని తీసికొంటిమి. ఆమె మెట్లమీద కూర్చుండి కావలి కాచినది.

ఇంతకంటె పెద్ద అలంకారము చేయదలచువారికి ఒక మాట. 4017 కాలు ఒక దీపమును మోయునే గాని దండను మోయలేదు. ప్రతి వంతునకు బి.సి. 547 వంటి ట్రాన్సిస్టరు నొకదానిని ద్వారపాలకునివలె నిలిపి, 12 వోల్టుల అడాప్టరుతో మూడేసి దీపములను వెలిగింపవచ్చును. అడాప్టరును బి.ఐ.ఎస్. గుర్తింపుగలదానినే కొని, ఇంటిలోపలనే పొడిచోట ఉంచి, గడప దాటి 12 వోల్టులనే పంపవలెను. ఆర్డుయినో వంటి పలకలు వచ్చిన పిమ్మట దీపముల వరుసను తీగలతో గాక వ్రాతతోనే మార్చుకొనవచ్చును. మా అమ్మాయి దృష్టి ఇప్పుడు దానిమీద నున్నది. బజారు దండల సంగతి మాత్రము మరువరాదు. చిన్న బల్బులైనను వానిలో పెక్కు గోడలోని 230 వోల్టులను నేరుగా తీసికొనునవే. ఒక్కొక్క బల్బునకు కొద్ది వోల్టులే చేరుచున్నను, తొడుగు చిట్లినచోట తాకిన వ్యక్తిని కొట్టునది మొత్తము కరెంటు. ఇనుప కటకటమునకు, తడి గోడకు, రేకుచూరునకు అట్టి దండలను చుట్టరాదు.

ఆదివారము సంధ్యవేళ వాన తుంపర పడుచుండగా వేపమండల నడుమ ఆరు దీపములు ఊయలవలె ఇటునటు ఊగినవి. చిప్పులున్న పలకను అమ్మాయి మూతగల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తలుపు లోపలివైపున తగిలించెను. బయట నున్నవి దీపములును తీగలును మాత్రమే. బోనములెత్తుకొని పోవుచున్న స్త్రీలు తలయెత్తి చూచిరి. ఎదుటి యింటి బాలుడు, "ఇది ఎక్కడ కొన్నారు?" అని యడుగగా తండ్రి, "కొనలేదు, మా అమ్మాయి చేసినది" అనెను. ఆ రాత్రి ఆయన ఆ మాటను నలుగురికైనను చెప్పియుండును. పెద్దావిడ డబ్బా యొద్దకు వచ్చి, "ఇంత తొందర యేల దీనికి?" అని తానే మీట త్రిప్పి త్రిప్పి నెమ్మది చేసెను.

మరునాడు తెల్లవారుజామున ముగ్గుగిన్నెతో ఆమె తలుపుదగ్గరకు పోవుట మేము పడకనుండి చూచితిమి. కటకటము ముందు నిలిచి, వెనుచేతితో దానిని ఒకసారి తాకెను. మరల తాకెను. పిమ్మట గడియ తీసి వీధిలోనికి దిగి ముగ్గు వేయసాగెను. తలపై దీపములు రాత్రినుండి ఆరనే లేదు; ఆరవదానిదాక పోయి తిరిగి వచ్చుచున్నవి.